నిజాంసాగర్ కాలువ గట్ల మీద పరదేశి మొక్కలు



నిజాంసాగర్ కాలువ కింద తిరిగే వారికి ఒక మాట కొత్త కాదు. ఏదైనా ఒక డిస్ట్రిబ్యూటరీ మొదట్లో వున్న రైతును అడగండి. "ఈసారి నీళ్ళకేం తక్కువ లేదు, కాలువ గట్టుదాక నిండి పారుతున్నది" అంటాడు. అదే కాలువ చివరన వున్న రైతు దగ్గరకు పోయి అడగండి. "మా తూముకు చుక్క అందలే సారూ, పైనోళ్ళే మలుపుకుంటున్నరు" అంటాడు. ఇద్దరి మాటలూ విన్న లస్కరు ఎటూ చెప్పలేక తల గోక్కుంటాడు. నీళ్ళు వదిలిన లెక్క సరిగానే వుంటుంది. పై రైతు గండి కొట్టి వుండడు. అయినా కింది మడి యెండుతుంది. ఈ తగాదాలో మూడవ మనిషి ఒకడున్నాడు. ఆ మూడవవాడు మనిషి కాదు, కాలువలో నిలబడిన మొక్క.

ఇంజనీర్లు దీనిని ఒక చిన్న లెక్కతో చూస్తారు. మానింగ్ అనే ఐర్లండు దేశపు ఇంజనీరు 1889లో చెప్పిన సూత్రము అది. కాలువ అడుగు, గోడలు ఎంత గరుకుగా వుంటే నీరు అంత నెమ్మదిగా నడుస్తుంది. శుభ్రంగా వున్న మట్టి కాలువకు ఆ గరుకుతనాన్ని సుమారు 0.025 అని వేసుకుంటారు. గడ్డి, పొదలు దట్టంగా పెరిగితే అది 0.05 కావచ్చు, అంతకు మించవచ్చు. గరుకు రెట్టింపైతే అదే లోతులో పారే నీరు సగానికి సగం పడిపోతుంది. అంతటితో ఆగదు. ముందుకు నడవలేని నీరు వెనుక పైకి లేస్తుంది. నీటిమట్టం లేచినందువల్ల మొదట్లో వున్న తూముల గుండా ఎక్కువ నీరు పోతుంది. కనుక పై రైతుకు కాలువ నిండుగా కనబడుతుంది, కింది రైతుకు ఎండి కనబడుతుంది. ఇందులో ఎవరి దొంగతనమూ లేదు.

ఆ మొక్కలు ఏవి, అవి ఎక్కడివి, మన కాలువలోకి ఎట్లా వచ్చాయి అన్నదే ఈనాటి ప్రసంగము. కలుపు తీసే పద్ధతులు చెప్పే పుస్తకాలు చాలా వున్నాయి. వచ్చిన దారి తెలిస్తే మళ్ళీ వచ్చే దారిని మూయవచ్చునన్న ఆశతో చరిత్ర నుంచి మొదలుపెడుతున్నాను.

కాలువ రాకముందు ఇందూరు ప్రాంతంలో వ్యవసాయమంటే చెరువులు, కుంటలు, బావులు, మిగిలినదంతా చెల్క. చెరువుకు ఒక క్రమముండేది. వానలకు నిండేది, యాసంగి దాటేసరికి అడుగంటేది, ఎండాకాలంలో నెర్రెలు విచ్చేది. అడుగు యెండిన చెరువులో పశువులు మేసేవి. రైతులు బండ్లు కట్టి పూడిక మట్టిని తమ పొలాలకు తోలుకునేవారు. నీరటి కాలువ పొడుగునా తిరిగి ఎక్కడ గడ్డి అడ్డం పడిందో చూసేవాడు. నీటి మొక్కలు అప్పుడు లేవని కాదు. జమ్ము వుండేది, తుంగ వుండేది, తామర వుండేది. తూటికూరను కోసుకుని వండుకునేవారు. జమ్ముతో, తుంగతో చాపలు అల్లేవారు. అవన్నీ ఈ నేల మొక్కలే. కాని ఏటా మూడు నెలల దాహం వాటికి కళ్ళెం వేసేది. ఈ మూడు నెలల దాహాన్ని గుర్తుంచుకోండి, కథంతా దీని మీదనే తిరుగుతుంది.

మంజీరా నదికి అచ్చంపేట దగ్గర అడ్డంగా ఆనకట్ట కట్టే పని 1923లో మొదలై 1931లో పూర్తయినది. ఉస్మాన్ అలీఖాన్ నిజాము కాలము. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆ పనికి పెద్ద ఇంజనీరు. రెండు లక్షల డెబ్భై అయిదు వేల ఎకరాలకు నీరందించాలని లెక్క వేశారు. ప్రధాన కాలువ సుమారు 155 కిలోమీటర్లు సాగినది. దాని నుంచి అంకెలతో పిలిచే డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుంచి పిల్లకాలువలు చీలినవి. నిజామాబాదుకు దగ్గరలోని అలీసాగర్ కూడా ఈ కాలువ కుటుంబంలోనిదే. నీటి వ్యవసాయం తెలిసిన వారు కావాలి గనుక కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతు కుటుంబాలు 1930ల నుంచి వచ్చి బోధన్, వర్ని, కోటగిరి వైపు స్థిరపడినవి. వారి వూళ్ళకు ఈనాటికీ క్యాంపులనే పేరు. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలిసినది. ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా దానికి పేరుండేది. గానుగ ఆడే కాలంలో చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి.

చెరుకు పది పన్నెండు నెలల పంట. దానికి వేసవిలో తడి తప్పితే దిగుబడి పోతుంది. అందుచేత కాలువలో వేసవిలోనూ నీళ్ళు నడిచినవి. నడవని రోజుల్లో కూడా కాలువ గుంతలలో, మురుగు కాలువలలో, చెరుకు తోటల పక్క చిత్తడిలో తేమ మిగిలేది. చెరువుకు వున్న మూడు నెలల దాహం కాలువకు లేకుండా పోయింది. పైగా కాలువ గట్టు అంటే ఏమిటి? పాతాళం నుంచి తవ్వి పోసిన కొత్త మట్టి. దాని మీద పాత గడ్డి లేదు, పాత చెట్టు లేదు. రైతు పొలం కాదు గనుక రైతు దున్నడు. అడవి కాదు గనుక అడవి వాళ్ళు చూడరు. సర్కారు జాగ. నీళ్ళు పక్కనే, ఎండ పుష్కలంగా, అడిగేవాడు లేడు. దిక్కులేని మొక్కకు ఇంతకంటె మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

పరదేశి మొక్క అనగానే చెడ్డదని ఎవరూ అనుకోరాదు. చెరుకునే చూడండి. లావుపాటి తీపి చెరుకు జాతికి పుట్టిల్లు సముద్రాల అవతల న్యూగినీ దీవి. మన వాగుల వొడ్డున పెరిగే రెల్లు గడ్డితో దానిని కలిపి కోయంబత్తూరు కేంద్రంలో కొత్త రకాలు పుట్టించారు. 1912లో ఆ కేంద్రం పెట్టిన తర్వాత 1918లో బయటకు వచ్చిన కో.205 అటువంటిదే. మక్కజొన్న అమెరికాది. మిరప, పల్లి, పొగాకు, టమాట, జామ అన్నీ అమెరికావే. తెలంగాణ గుట్టల మీద మనదే అనుకుని తినే సీతాఫలం కూడా అక్కడిదే. చింతచెట్టు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి మన తాతముత్తాతల కంటె పాతదైపోయింది. ఇన్ని పరాయి మొక్కలు మన కడుపు నింపుతున్నవి. కనుక మొక్క ఏ దేశానిదని కాదు, దాన్ని అదుపులో పెట్టేది ఏదైనా ఇక్కడ వున్నదా లేదా అని అడగాలి. పొలంలో మిరపను రైతు అదుపులో పెడతాడు. కాలువ గట్టు మీద ఎవరు పెట్టాలి?

యిక మన కాలువల మీద ఎక్కువగా కనిపించే వాటి సంగతి.

మొదట లొట్టపీసు. కోస్తా వైపు దీనిని తూటికాడ అంటారు. లేత గులాబి, ఊదా కలిసిన గరాటు పూలు పూస్తుంది. ఆకు తుంచితే పాలు కారుతవి, కాడ లోపల డొల్ల. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. తూటికూరకు ఇది దగ్గరి చుట్టమే గాని కూరకు పనికిరాదు. ఈ మొక్కను ఎవరూ పొరపాటున తేలేదు, బుద్ధిపూర్వకంగా తెచ్చి నాటారు. పూలు అందంగా వుంటవని తోటలలో పెట్టారు. పశువు తినదు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, నీళ్ళు నిలిచినా చావదు గనుక కంచెకు బాగుంటుందని పొలం గట్ల మీద పెట్టారు. పచ్చిరొట్టగా మడిలో తొక్కవచ్చునని కూడా అనేక చోట్ల చెప్పారు. ఆ మాటలన్నీ నిజమే. పశువు తినదు, అందుకే దాన్ని తగ్గించేది ఏదీ లేదు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, అందుకే కాలువలో కొట్టి పడేసిన ప్రతి ముక్కా పది గజాల కింద మళ్ళీ మొలుస్తుంది. నీళ్ళలో చావదు, అందుకే కాలువ అంచును పట్టుకుని లోపలికి పాకుతుంది. కంచెకు గుణాలుగా చెప్పిన మూడూ కాలువలో మూడు దోషాలైనవి.

దీని గింజకు మెత్తని నూగు వుంటుంది, నీటి మీద తేలిపోతుంది. కాని మన కాలువలలో ఇది ఎక్కువగా పాకినది గింజ వల్ల కంటె కాడ వల్లనే అని నా అభిప్రాయము. దానికి కారణం మన శుభ్రం చేసే తీరు. కాలువకు నీళ్ళు వదిలే రెండు రోజుల ముందు కూలీలు దిగి కొడవళ్ళతో నరుకుతారు. నరికిన కాడలను గట్టు మీదకు మోయడానికి కూలి లెక్క వుండదు, కాలువలోనే వదులుతారు. మూడవ రోజు నీళ్ళు వస్తవి. ఆ కాడలు కిందికి కొట్టుకుపోయి తూముల దగ్గర, కల్వర్టుల దగ్గర ఆగి వేళ్ళు పెడతవి. పై వూరిలో శుభ్రం చేసిన పని కింది వూరిలో నాటిన పని అయినది. ఒక ముసలి రైతు నాతో అన్న మాట చెబుతాను. "మేము వరి నాటు వేస్తం బిడ్డా, సర్కారోళ్ళు లొట్టపీసు నాటు వేస్తరు." ఈ మాటలో ఎత్తిపొడుపు వున్నా, మొక్కల శాస్త్రం సరిగా వున్నది.

మేకల వాళ్ళు దీని గూర్చి జాగ్రత్త పడవలెను. మామూలుగా మేక దీన్ని వాసన చూసి వదిలేస్తుంది. కరువు సంవత్సరంలో, వేసవి చివరన వేరే పచ్చ లేనప్పుడు తింటుంది. రుచి మరిగితే మళ్ళీ మళ్ళీ దానికోసమే పోతుంది. దానిలోని విషం నరాలకు పట్టి మేక తూలుతుంది, బక్కచిక్కుతుంది, చివరకు పడిపోతుంది. అటువంటి మేకను మందలో నుంచి వేరుచేసి కట్టి మేపవలెను, పశువైద్యునికి చూపవలెను. ఎండిన కాడలను పేదలు పొయ్యిలోకి వాడుకోవటం వున్నది. కాడలు చాలనంత వాడితే కాలువ బాగుపడేది గాని, అంత పొగను ఏ వంటింటి ఆడమనిషి భరిస్తుంది?

రెండవది గుర్రపు డెక్క. ఇది ఆమెజాన్ నది మొక్క. ఆకు కాడ బుడగలాగా వుబ్బి నీటి మీద తేలుతుంది, ఊదా పూల గుత్తి చూడ ముచ్చటగా వుంటుంది. ఆ పూల కోసమే పందొమ్మిదవ శతాబ్దం చివర దేశాలన్నీ దీన్ని తమ తోటల కొలనులలోకి తెచ్చుకున్నవి. మన దేశంలో మొదట దెబ్బ తిన్నది వంగదేశము. నదులలో పడవలు కదలలేదు, వరి పొలాలలోకి వరదతోపాటు వచ్చి పైరును కప్పేసింది. 1921లో జగదీశ చంద్రబోసు అధ్యక్షతన ఒక సంఘం వేసి ఏం చేయాలో చెప్పమన్నారు. 1936లో దీని మీద ప్రత్యేకించి చట్టమే చేశారు. ఎవరి స్థలంలో డెక్క వున్నదో వారు తీసివేయవలెనని ఆ చట్టము. ఆ తర్వాత వూరూరా జనం దిగి చేతులతో పీకారు. అంత చేసినా వంగదేశంలో అది ఈనాటికీ వున్నది.

ఎందుకు పోదు? అనుకూలమైన వేడి, ఎరువు కలిసిన నీళ్ళు దొరికితే రెండు వారాలలోపే ఇది రెట్టింపవుతుంది. తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కలు తీగ పట్టుకుని పక్కకు జరుగుతవి. అంతేగాక గింజలు బురదలో దిగి పదిహేను, ఇరవై ఏళ్ళు ప్రాణంతో పడి వుంటవి. ఒక పెద్ద రహస్యం ఇది. పైన కనిపించే డెక్క అంతా తీసి చెరువు శుభ్రమైందనుకున్న వూరిలో, మరు సంవత్సరం నీళ్ళు తగ్గి బురద మీద ఎండ పడగానే చిన్న చిన్న మొలకలు వస్తవి. చూడకపోతే వానకాలానికి చెరువు మళ్ళీ నిండుతుంది. ఎరువు కలిసిన నీళ్ళు అన్నాను. మన వరి మళ్ళలో వేసిన యూరియాలో ఒక పాలు మురుగు కాలువలోకి దిగుతుంది. పట్టణపు మురుగు చెరువులలోకి దిగుతుంది. డెక్క ఆ తిండి మీద బలుస్తుంది. పారే ప్రధాన కాలువలో ఇది నిలవలేదు. దీని స్థావరాలు చెరువులు, మురుగు కాలువలు, నీరు ఆగే తూముల వెనుక మడుగులు. కాలువ దీనికి ఇల్లు కాదు, బాట మాత్రమే.

ఈ బాట నిజామాబాదుతో ఆగదు. నిజాంసాగర్ ఆయకట్టు మురుగంతా మంజీరాలోకి, గోదావరిలోకి దిగుతుంది. కందకుర్తి దగ్గర మంజీరా గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరికే కింద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ఆనకట్ట. 1963 జూలై 26న నెహ్రూగారు దానికి పునాది రాయి వేశారు. బోధన్ వైపు తేలిన మొక్క ముక్కకు అక్కడి దాకా ఎవరూ బండి కట్టి పంపనవసరం లేదు.

మూడవదానికి పేరులోనే చరిత్ర వున్నది, సర్కారు తుమ్మ. దీని మీద కోపంగా మాట్లాడేవారు చాలామంది. కాని ఇది మొదట వచ్చిన కారణం తెలిస్తే అంత కోపం రాదు. 1876లో మద్రాసు అడవి శాఖ అధికారి బెడ్డోమ్ వంటచెరుకు కోసం ఈ గింజలు తెప్పించమని రాశాడు. దక్షిణాన ఘోరమైన కరువు మొదలైన సంవత్సరం అది. జమైకా దీవి నుంచి గింజలు వచ్చినవి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. అంటే దేశం మొత్తంలో దీనికి మొట్టమొదటి నేలలలో ఒకటి తెలుగు నేలే. ఎండకు చావదు, ఎక్కడైనా పెరుగుతుంది, పొయ్యిలోకి కట్టె ఇస్తుంది. ఆ పని అది చేసింది, ఈనాటికీ బొగ్గుకు దాన్నే కొడుతున్నారు. కాయలు తియ్యగా వుంటవి గనుక మేకలు, గొర్రెలు, పశువులు తింటవి. గింజ అరగదు, పేడలో పెంటికలో బయటపడి బలంగా మొలుస్తుంది. మందలు నడిచే దారి ఏది? కాలువ గట్టు. నీళ్ళు పక్కనే వుంటవి, పంట చేలు తగలవు, గొల్లలకు అది రాజబాట. తుమ్మ ఆ రాజబాట వెంట నడిచి వచ్చింది. దీనితో నష్టం నీటిలో కంటె గట్టు మీద ఎక్కువ. ముళ్ళపొద కమ్ముకున్న గట్టు మీద లస్కరు నడవలేడు, నడవకపోతే ఎక్కడ బుంగ పడ్డదో కనబడదు. గండి పడిన తర్వాతనే తెలుస్తుంది.

నాల్గవది వయ్యారి భామ. కాంగ్రెసు గడ్డి అన్నా ఇదే. తెల్ల టోపీలవంటి పూలుంటవి గనుక ఆ పేరని కొందరు, ఆ ప్రభుత్వ కాలంలో వచ్చిన అమెరికా గోధుమలతో వచ్చింది గనుక అని కొందరు. ఈ గోధుమల మాటను కొంచెం పరిశీలించవలెను, ఎందుకంటే మన ప్రసంగాలలో, కరపత్రాలలో "పి.ఎల్.480 గోధుమలతో వచ్చినది" అని తడుముకోకుండా చెబుతుంటాము. పూనాలో ఈ మొక్కను 1955లో గుర్తించి, 1956లో శాస్త్ర పత్రికలో అచ్చువేశారు. పి.ఎల్.480 ఒప్పందం మన దేశానికి, అమెరికాకు మధ్య కుదిరినది 1956 ఆగస్టులో. వచ్చిన మొక్కను చూసిన తర్వాత ఒప్పందం జరిగితే, ఆ ఒప్పందపు గోధుమతో మొక్క వచ్చిందనడం ఎట్లా? అంతకు ముందు 1951లో కరువు సాయంగా అమెరికా ఇరవై లక్షల టన్నుల ధాన్యానికి అప్పు ఇచ్చిన మాట నిజమే, ఆ గింజలలో వచ్చి వుండవచ్చు. పందొమ్మిదవ శతాబ్దంలోనే ఈ దేశంలో సేకరించిన దీని ఎండు నమూనా వున్నదని వృక్షశాస్త్రజ్ఞులు తర్వాత చూపారు. అనగా మొక్క ఎప్పుడో ఒక మూల వచ్చి వుండి, కొత్త గింజలతో కొత్త బలం పుంజుకుని 1950ల తర్వాత విజృంభించి వుండవచ్చు. నాకు ఈ మాటే సబబుగా తోస్తుంది. గోధుమ సంచీ మీద నేరమంతా మోపితే, మన రోడ్లు, రైలు కట్టలు, కాలువ గట్లు చేసిన సాయం కనబడకుండా పోతుంది.

మిగతా మూడింటిని ఏదో ఒక ఉపకారానికి పిలిచి తెచ్చుకున్నాము. దీన్ని ఎవరూ పిలవలేదు. ఒక్క మొక్క పదిహేను వేల నుంచి ఇరవై అయిదు వేల దాకా గింజలు రాలుస్తుంది. గింజ పొడి అంత తేలిక. గాలికి పోతుంది, నీటికి పోతుంది, లారీ చక్రాల బురదకు అంటుకుని పోతుంది. కాలువ గట్టు మీద రాలిన గింజ మొదటి తడితోనే మడిలోకి చేరుతుంది. చేతులతో పీకినవారికి దురద, పుండ్లు, పుప్పొడి పీల్చినవారికి వుబ్బసం రావచ్చు. కూలీలను చేతికి తొడుగు లేకుండా దీని మీదకు దింపరాదు.

నాలుగు మొక్కలు చెప్పి జమ్మును వదిలితే న్యాయం కాదు. జమ్ము మన నేలదే, అయినా పిల్లకాలువను మూయడంలో ఇది ఏ పరదేశికీ తీసిపోదు. చెరువు ఎండే రోజుల్లో చాపకు పనికివచ్చిన మొక్క, కాలువ ఎండని రోజుల్లో శత్రువైంది. మొక్క మారలేదు, నీటి నడక మారింది.

ఆ నీటి నడక తర్వాత మళ్ళీ మారింది. నిజాంసాగర్‌లో మొదట 29 టి.ఎం.సీ.లకు పైగా నీరు పట్టేది. మంజీరా తెచ్చిన పూడికతో అది 12 టి.ఎం.సీ.ల లోపుకు పడిపోయింది. 1970 దశకంలో ఎత్తు పెంచి 17.8 టి.ఎం.సీ.లకు తెచ్చారు. ఎగువన సింగూరు కట్టిన తర్వాత మంజీరా నీటిలో పెద్ద భాగం హైదరాబాదు తాగునీటికి పోయింది. కాలువకు నీళ్ళు తడవల మీద వచ్చినవి. వారం పారి వారం ఆగే కాలువలో అడుగున మట్టి దిగుతుంది, తడి మాత్రం మిగులుతుంది. జమ్ముకు, లొట్టపీసుకు అంతకంటె ఏం కావాలి? చక్కెర మిల్లు 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గింది, వరి పెరిగింది. చెరుకు పోయింది గనుక వేసవి తడి పోయి కాలువకు పాత దాహం తిరిగి వచ్చిందా అంటే, కొంత మేరకు వచ్చిందనే చెప్పవలెను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలువ కట్టేసిన రోజులు మనకు దొరికిన వరం. కాని అప్పటికే కాలువ అడుగు, గట్టు మొక్కల వేళ్ళతో, గింజలతో నిండి వున్నవి. ఎనభై ఏళ్ళ కొలువును ఒక వేసవి ఖాళీ చేయించలేదు.

మొక్కకు శత్రువైన పురుగును దాని పుట్టింటి నుంచి తెప్పించడం ఒక దారి. అనుభవం మన దేశానికి పాతదే. పొలాలను ఆక్రమించిన నాగజెముడు మీదకు 1926లో సింహళం నుంచి ఒక రంగు పురుగును తెచ్చి వదిలితే, అది దక్షిణ దేశమంతటా జెముడును అణచివేసింది. ఈనాటి పడుచు రైతులకు నాగజెముడు ఒక బెడద అని చెబితే నమ్మరు. ఆ విజయం చూసి 1980లలో గుర్రపు డెక్క మీదకు రెండు జాతుల ముక్కు పురుగులను, వయ్యారి భామ మీదకు మెక్సికో పెంకు పురుగును బెంగుళూరు మీదుగా తెప్పించి వదిలారు. డెక్క పురుగు నిలకడ నీటి చెరువులలో కొన్నేళ్ళకు ఫలితం చూపగలదు. వానలకు చెరువు తెగి పారితే మొక్కతోపాటు పురుగూ కొట్టుకుపోతుంది. మెక్సికో పురుగు వానకాలంలో ఆకులను జల్లెడ చేస్తుంది, ఎండలు ముదరగానే భూమిలోకి దిగి పడుకుంటుంది. తడి దొరికిన కాలువ గట్టు మీద గడ్డి మాత్రం పడుకోదు. కనుక పురుగు వచ్చి మన పని చేసిపెడుతుందని చేతులు కట్టుకోరాదు, వున్నచోట దానిని మందు కొట్టి చంపరాదు.

మందుల సంగతి ఒక్క మాట. 2,4-డి లాంటివి డెక్కను చంపుతవి, నిజమే. కాని ఆ నీరే కింద మిరప మడికి, కూరగాయలకు, పత్తికి పోతుంది, పశువు తాగుతుంది, కొన్ని వూళ్ళలో మనుషులూ తాగుతారు. చచ్చిన డెక్క అడుగున కుళ్ళి చేపలకు గాలి ఆడనివ్వదు. కాలువలో ఎవరికి వారు మందు కొట్టే పని కాదిది. ఏది చల్లినా నీటిపారుదల శాఖకు, వ్యవసాయ అధికారికి తెలిసి జరగవలెను.

1997లో వచ్చిన చట్టంతో నీటి సంఘాలు ఏర్పడి కాలువ బాగుచేత రైతుల చేతికి కొంత వచ్చింది. 2006 తర్వాత ఉపాధి హామీ పనులలో కాలువ పూడిక, జంగిల్ కొట్టడం చేర్చారు. ఇవి మంచివే. పని ఎక్కడ తప్పుతున్నదో అక్కడ సవరించుకుంటే చాలు. లొట్టపీసును నీళ్ళు వదిలే ముందు కాదు, కాలువ కట్టిన వెంటనే, ఏప్రిల్, మే నెలల ఎండలో తీయాలి. కొడవలితో కోయరాదు, గడ్డపారతో వేరు సహా పెకలించాలి. పెకలించినది గట్టు అవతల, నీళ్ళకు దూరంగా, కుప్ప వేసి పూర్తిగా ఎండనివ్వాలి. కాడ పచ్చిగా వున్నంతకాలం అది బతికి వున్నట్లే లెక్క. ఒక వూరు తన కాలువ భాగం శుభ్రం చేసి పై వూరు చేయకపోతే ఫలితం నిలవదు. కనుక డిస్ట్రిబ్యూటరీ మొదటి నుంచి కిందికి వరుసగా చేసుకు రావాలి. చివరి రైతులు మొదటి వూరికి పోయి ఒక పూట గడ్డపార పట్టినా తప్పు లేదు. అక్కడ పీకిన మొక్క తమ తూము దగ్గర మొలవబోయే మొక్కే గదా.

పూడిక మట్టి విషయం విస్తరణ కార్యకర్తలు తప్పక చూడవలెను. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైనది. ఆ తర్వాత చెరువు మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలిన రైతులు ఎందరో. పాత బండ్ల అలవాటే మళ్ళీ వచ్చింది, మట్టి బలమైనదే. అయితే మన తాతలు తోలిన మట్టిలో డెక్క గింజలు లేవు, వయ్యారి భామ గింజలు లేవు. ఇప్పటి మట్టిలో వున్నవి. ఆ మట్టిని నేరుగా వరి మడిలో కలపకుండా, ముందు చెల్కలో పలుచగా పరచి, తొలకరికి మొలిచినదంతా ఒకసారి దున్ని చంపి ఆ తర్వాత పంట పెట్టించాలి. కాలువ గట్టు మీద పోసిన పూడిక కుప్పల మీద కూడా జూలై, ఆగస్టులలో మొలక వస్తుంది. మే నెలలో పని ముగిసిందని మస్టరు మూసేస్తే, ఆ కుప్పలే సెప్టెంబరుకు పూత పూసి గింజ రాలుస్తవి. అందుచేత అంచనా వేసే రోజునే ఆగస్టులో మరొక విడత పీకుడుకు కూలి రోజులు కలిపి రాయించండి. పై అధికారి ఒకే పనికి రెండు విడతలెందుకని అడిగితే, కుప్ప దగ్గరకు తీసుకుపోయి మొలకలు చూపించండి.